స్ఫటికంలో లోపం, కంప్యూటర్‌లో లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్ఫటిక పదార్థాల్లోని లోపాల గురించీ, వాటిని కంప్యూటర్‌లో వివిధ కొలమానాల దగ్గర, అంటే ఎలక్ట్రాన్ల స్థాయి నుంచి కడ్డీ మొత్తం స్థాయి వరకు, అనుకరించే పద్ధతుల గురించీ వచ్చిన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాను. ఒకే విషయాన్ని వేర్వేరు మాటల్లో అడిగిన ప్రశ్నలను కలిపాను. ముందుగా మాటల అర్థాలు చెప్పుకోవాలి. పరమాణువులు ఒకే అమరిక మళ్లీ మళ్లీ వచ్చేలా పేర్చుకుని ఉన్న ఘనపదార్థం స్ఫటికం. ఆ పేర్పు తప్పిన చోటు లోపం. పరమాణువు ఉండవలసిన చోట లేకపోతే దాన్ని ఖాళీ అంటాము. వరుసల మధ్య అదనంగా ఇరుక్కుని ఉంటే అది ఇరుకు పరమాణువు. ఒక గీత వెంబడి పేర్పు తప్పితే దాన్ని డిస్లొకేషన్ అంటారు. వేర్వేరు దిశల్లో పేర్చుకున్న రెండు స్ఫటికాలు ఆనుకునే తలాన్ని గ్రెయిన్ బౌండరీ అంటారు.

ప్రశ్న: లోహం ఎంత బలమైనదో తెలుసుకోవడానికి లోపాలు లేని స్ఫటికాన్ని తీసుకుని లెక్క వేస్తే సరిపోదా? అరుదుగా ఉండే లోపాల కోసం ఇంత శ్రమ ఎందుకు?

జవాబు: ఆ లెక్కను 1926లోనే యాకొవ్ ఫ్రెంకెల్ వేశాడు. లోపాలు లేని స్ఫటికంలో ఒక పరమాణు తలాన్ని దాని కింది తలం మీద ఒక్కసారిగా జరపడానికి ఎంత ప్రతిబలం కావాలో ఆయన అంచనా కట్టాడు. ఆ లెక్క ప్రకారం రాగికి సుమారు 7 గిగాపాస్కల్‌ల ప్రతిబలం కావాలి. శుద్ధమైన రాగి ఏకస్ఫటికం మాత్రం ఒక మెగాపాస్కల్ దరిదాపుల్లోనే లొంగిపోతుంది. అంచనాకూ వాస్తవానికీ మధ్య వేల రెట్ల తేడా ఉందన్నమాట. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాని ముగ్గురూ ఎవరికి వారుగా ఈ చిక్కును విప్పారు. తలం మొత్తం ఒకేసారి జరగనక్కరలేదు. పేర్పు తప్పిన గీత ఒకటి తలం మీదుగా ముందుకు సాగితే, ఏ క్షణంలోనైనా ఆ గీత దగ్గరి బంధాలు మాత్రమే తెగి మళ్లీ కలుస్తాయి, గీత అవతలి అంచు చేరేసరికి తలం ఒక అడుగు జరిగిపోయి ఉంటుంది. ఆ గీతే డిస్లొకేషన్. పలుచని అల్యూమినియం రేకులో డిస్లొకేషన్లు కదలడాన్ని కేంబ్రిడ్జిలో హిర్ష్, హోర్న్, వేలన్ 1956లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కళ్లారా చూశారు. అప్పటిదాకా, అంటే 22 ఏళ్ల పాటు, అది ప్రధానంగా కాగితం మీది భావనే.

లోపాలు అరుదు అన్న మాట కూడా అన్నివేళలా నిజం కాదు. బాగా సాగగొట్టిన లోహంలో ఒక చదరపు మీటరు తలాన్ని ఛేదించే డిస్లొకేషన్ల సంఖ్య 10 కోట్ల కోట్ల వరకు ఉంటుంది. దీన్నే మరో రకంగా చెప్పాలంటే, అలాంటి లోహంలో ఒక్క ఘన సెంటీమీటరు ముక్కలో ఉన్న డిస్లొకేషన్ గీతలన్నిటినీ చివరికి చివర కలిపితే 10 లక్షల కిలోమీటర్ల పొడవు వస్తుంది. భూమికీ చంద్రుడికీ మధ్య దూరానికి అది రెండున్నర రెట్లు.

దీని ప్రభావాన్ని చేత్తో తెలుసుకోవచ్చు. ఎర్రగా కాల్చి చల్లార్చిన రాగి తీగ ఒకటి తీసుకుని నడుమ వంచండి. ఏ ప్రయత్నమూ లేకుండా మెత్తగా వంగుతుంది. ఇప్పుడు దాన్ని తిన్నగా చేయబోతే, మొదట వంగిన చోటు మొండికేస్తుంది, దాని పక్కనే తీగ కొత్తగా వంగుతుంది. వంపు దగ్గర పుట్టుకొచ్చిన డిస్లొకేషన్లు ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుపడటమే అందుకు కారణం. రాగి అదే రాగి, పరమాణువుల సంఖ్య కూడా అదే. మారింది లోపాల అమరిక ఒక్కటే.

ప్రశ్న: అయితే లోపాలన్నీ హానికరమేనా?

జవాబు: కావు. తీగను మొండికేయించినవి కూడా లోపాలే కదా. సిలికాన్‌లో కొద్దిపాటి బోరాన్, ఫాస్ఫరస్ పరమాణువులు చొప్పించకపోతే ట్రాన్సిస్టరే లేదు. ఘనపదార్థంలో పరమాణువులు చోటు మారడానికి దారి ఇచ్చేవి ఎక్కువగా ఖాళీలే. ఏ లోపం, ఎంత, ఎక్కడ అన్నదే అసలు విషయం.

ప్రశ్న: ఇప్పటి సూపర్ కంప్యూటర్లు ఇంత శక్తివంతమైనవి కదా. పదార్థంలో ఉన్న పరమాణువులన్నిటినీ కంప్యూటర్‌లో పెట్టి, వాటి కదలికలను నేరుగా లెక్కించేస్తే ఇన్ని కొలమానాల గొడవ ఉండదు కదా?

జవాబు: ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. మీరు చెబుతున్న పద్ధతికి మాలిక్యులర్ డైనమిక్స్ అని పేరు. ప్రతి పరమాణువు మీద పనిచేసే బలాన్ని లెక్కించడం, న్యూటన్ నియమంతో దాన్ని ఒక చిన్న అడుగు కదిలించడం, మళ్లీ బలాన్ని లెక్కించడం: పద్ధతి ఇంతే. 1960లో బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో విన్యార్డ్ బృందం రాగి స్ఫటికంలో వికిరణం కలిగించే నష్టాన్ని కొన్ని వందల పరమాణువులతో ఇలాగే అనుకరించింది. 1964లో అనీసుర్ రహ్మాన్ 864 పరమాణువుల ద్రవ ఆర్గాన్‌ను లెక్కించి ఆ రంగానికి దారి వేశాడు. అక్కడి నుంచి ఎదుగుదల అద్భుతంగా ఉంది. లక్ష కోట్ల పరమాణువుల లెక్కను 2008 నాటికే చేసి చూపారు. అయినా ఆ లక్ష కోట్లూ రాగి పరమాణువులైతే, అవి నిండే ఘనం భుజం రెండు మైక్రాన్లకు కాస్త ఎక్కువ మాత్రమే. కంటికి కనిపించే రేణువుకు కూడా అది చాలా తక్కువ.

పరిమాణం కన్నా పెద్ద అడ్డంకి కాలం. స్ఫటికంలో పరమాణువు తన చోటనే సెకనుకు దాదాపు 10 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. ఆ కంపనాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే లెక్కలో ఒక్కో అడుగు ఒక ఫెమ్టోసెకను ఉండాలి. అంటే సెకనును 10 కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. పరమాణువులు ఎక్కువైతే వాటిని ఎక్కువ ప్రాసెసర్లకు పంచవచ్చు గానీ, కాలాన్ని అలా పంచడం కుదరదు, ఎందుకంటే రెండో అడుగు వేయాలంటే మొదటి అడుగు పూర్తి కావాలి. వంద రెట్లు పెద్ద యంత్రం కొంటే వంద రెట్లు పెద్ద స్ఫటికం వస్తుంది, వంద రెట్లు ఎక్కువ కాలం రాదు.

ఒక్క ఖాళీని దగ్గర నుంచి చూద్దాం. రాగిలో ఒక ఖాళీ పక్క పరమాణువుతో చోటు మార్చుకోవాలంటే దాటవలసిన శక్తి అవరోధం సుమారు 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం ఇది). పరమాణువు కంపించిన ప్రతిసారీ అది ఒక ప్రయత్నం అనుకుంటే, ఉష్ణోగ్రతను బట్టి ఆ ప్రయత్నాల్లో ఎన్ని ఫలిస్తాయో బోల్ట్‌జ్‌మన్ సూత్రం చెబుతుంది. 300 కెల్విన్‌ల దగ్గర ఒక్కో దిశలో సెకనుకు 17 గెంతులు వస్తాయి. చుట్టూ 12 మంది పొరుగువారు ఉన్నారు కాబట్టి మొత్తం సెకనుకు సుమారు 200. అంటే సగటున 5 మిల్లీసెకన్లకు ఒక గెంతు. మనకు అది రెప్పపాటు కన్నా తక్కువే గానీ, ఫెమ్టోసెకను అడుగులతో నడిచే లెక్కకు 5 లక్షల కోట్ల అడుగులు. ఒక్క ఖాళీ ఒక్కసారి గెంతడం చూడటానికే అన్ని అడుగులు వేయాలి, ఆ అడుగుల్లో దాదాపు అన్నిటిలోనూ చెప్పుకోదగ్గది ఏదీ జరగదు. అదే ఖాళీని 1000 కెల్విన్‌లకు వేడి చేస్తే 30 పికోసెకన్లలోపే గెంతుతుంది, అంటే 30 వేల అడుగులు; మామూలు కంప్యూటర్ మీద సాయంత్రానికి పూర్తయ్యే పని. సాధ్యానికీ అసాధ్యానికీ మధ్య ఉన్నది ఉష్ణోగ్రతే.

ఇదే కారణంగా, కంప్యూటర్‌లో లోహాన్ని సాగదీసే వేగం కూడా విపరీతంగా ఉంటుంది. ప్రయోగశాలలో ఒక కడ్డీని ఒక శాతం సాగదీయడానికి వంద సెకన్లు తీసుకుంటే, మాలిక్యులర్ డైనమిక్స్‌లో అదే ఒక శాతాన్ని ఒక నానోసెకనులో ముగించాల్సి వస్తుంది. ఈ రెండిటి మధ్య తేడా 10 వేల కోట్ల రెట్లు. నెమ్మదిగా సాగదీసినప్పుడు వేడి సాయంతో అడ్డంకులు దాటే డిస్లొకేషన్లకు ఇంత తొందరలో ఆ అవకాశమే ఉండదు. కాబట్టి అక్కడ వచ్చిన బలాన్ని తెచ్చి ఇక్కడి కడ్డీకి అంటగట్టకూడదు. ఇలా అంటగట్టిన వ్యాసాలు ఇప్పటికీ కనిపిస్తుండటం నాకు బాధ కలిగిస్తుంది.

కాలం గోడను దాటడానికి వేరే దారి పట్టాలి. కంపనాలను వదిలేసి గెంతులనే లెక్కపెట్టే కైనెటిక్ మాంటీ కార్లో పద్ధతి ఒకటి. ఏయే గెంతులు సాధ్యమో, ఒక్కోటి సెకనుకు ఎన్నిసార్లు జరుగుతుందో ముందే పట్టిక రాసుకుంటే, ఆ రేట్లకు తగ్గట్టు చీటీ తీసినట్టు ఒక గెంతును ఎంచుకుని, గడియారాన్ని అంత కాలం ముందుకు జరపవచ్చు. గెంతుల రేటును లెక్కించే సూత్రాన్ని విన్యార్డ్ 1957లో ఇచ్చాడు. ఎంపిక జరిగే వేగవంతమైన విధానాన్ని బోర్ట్జ్, కాలోస్, లెబోవిట్జ్ 1975లో ప్రచురించారు. దీని బలహీనత కూడా పట్టికలోనే ఉంది: మనం ఊహించని గెంతు పట్టికలో ఉండదు, పట్టికలో లేనిది ఎన్నటికీ జరగదు.

ప్రశ్న: వేర్వేరు కొలమానాల లెక్కలను ఒకదానితో ఒకటి ఎలా జోడిస్తారు? ఎలక్ట్రాన్ల లెక్కనూ, కడ్డీ మొత్తాన్ని చూసే ఇంజనీరింగ్ లెక్కనూ కలిపేది ఏది?

జవాబు: రెండు దారులున్నాయి. మొదటిది వరుస పద్ధతి. కింది కొలమానంలో లెక్క పూర్తిగా ముగించి, అందులోంచి కొద్ది సంఖ్యలను ఏరి పై కొలమానానికి అందించడం. ఎలక్ట్రాన్ల దగ్గర మొదలుపెడదాం. హోహెన్‌బర్గ్, కోన్, షామ్ 1964, 1965ల్లో నిర్మించిన డెన్సిటీ ఫంక్షనల్ థియరీతో కొన్ని వందల పరమాణువుల శక్తిని క్వాంటమ్ నియమాల నుంచి లెక్కించవచ్చు. మామూలు పద్ధతిలో పరమాణువులు రెట్టింపైతే శ్రమ ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి అంతకు మించి వెళ్లడం కష్టం. అక్కడ దొరికిన అవరోధాలు కైనెటిక్ మాంటీ కార్లోకు పట్టిక అవుతాయి. అక్కడి బలాలు మాలిక్యులర్ డైనమిక్స్‌కు కావలసిన పొటెన్షియల్, అంటే పరమాణువుల మధ్య శక్తినీ బలాన్నీ చెప్పే సూత్రం, అవుతాయి. మాలిక్యులర్ డైనమిక్స్‌లో ఒక డిస్లొకేషన్‌ను నడిపి, ఎంత ప్రతిబలానికి ఎంత వేగంతో కదిలిందో కొలిస్తే, ఆ సంబంధం డిస్లొకేషన్ డైనమిక్స్ అనే పై అంతస్తుకు చేరుతుంది. ఆ అంతస్తులో పరమాణువులు ఉండవు. చిన్న చిన్న తుంపులుగా విరిచిన గీతలే ఉంటాయి, ఒక్కో తుంపు మీద పీచ్, కోలర్ 1950లో ఇచ్చిన సూత్రం ప్రకారం బలం లెక్కిస్తారు. అక్కడ తెలిసిన గట్టిపడే తీరు, కడ్డీనో చక్రాన్నో చిన్న చిన్న గడుల జాలంగా విడగొట్టి చూసే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలోకి వెళుతుంది.

ఈ నిచ్చెన చూడటానికి చక్కగా ఉంటుంది. నిజమైన కష్టం మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉంటుంది, ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా దేన్ని పైకి తీసుకెళ్లాలో, దేన్ని అక్కడే వదిలేయాలో మనిషే నిర్ణయించాలి. లోపాల విషయంలో ఆ నిర్ణయం మరీ కఠినం. డిస్లొకేషన్‌నే తీసుకోండి. దాని నడిబొడ్డు కొన్ని పరమాణువుల వెడల్పే, అక్కడ స్థితిస్థాపక సిద్ధాంతం పనిచేయదు. దాని చుట్టూ ఉన్న ప్రతిబలం మాత్రం దూరంతో పాటు చాలా నెమ్మదిగా, దూరం రెట్టింపైతే సగమయ్యేలా తగ్గుతుంది. రాగిలో ఒక స్క్రూ (పేర్పు మరలా మెలితిరిగిన రకం) డిస్లొకేషన్‌కు 100 నానోమీటర్ల దూరంలో లెక్క వేసి చూడండి: ఇంకా 20 మెగాపాస్కల్‌ల ప్రతిబలం ఉంటుంది. శుద్ధమైన రాగి ఒక మెగాపాస్కల్ దగ్గరే లొంగుతుందని పైన చెప్పుకున్నాం. అంటే 100 నానోమీటర్ల అవతల ఉన్న మరో డిస్లొకేషన్ దీని ఉనికిని గట్టిగానే పట్టించుకుంటుంది. పరమాణువుల దగ్గర నిలబడి చూస్తే దూరపు క్షేత్రం తప్పిపోతుంది, దూరం నుంచి చూస్తే నడిబొడ్డు తప్పిపోతుంది.

అందుకే రెండో దారి వచ్చింది: ఒకే లెక్కలో నడిబొడ్డు దగ్గర పరమాణువులను, దూరంగా ఫైనైట్ ఎలిమెంట్ జాలాన్ని ఉంచడం. టాడ్మర్, ఒర్టిజ్, ఫిలిప్స్ 1996లో ప్రతిపాదించిన క్వాసీకంటిన్యువమ్ పద్ధతి ఇందులో బాగా పేరు పొందింది. లోపానికి దూరంగా పరమాణువులన్నీ దాదాపు ఒకే తీరున జరుగుతాయి కాబట్టి, అక్కడ వెయ్యి పరమాణువులకు ఒక్క ప్రతినిధిని పెట్టి, మిగిలినవాటి స్థానాలను ఆ ప్రతినిధుల మధ్య నుంచి ఊహించడం ఇందులోని ఆలోచన. లోపం కదిలితే జాలం కూడా దానితో పాటు అక్కడ సన్నబడుతుంది.

చిక్కంతా సరిహద్దు దగ్గర. పరమాణువు తన పొరుగువారిని ఒక్కొక్కరినీ వారి అసలు స్థానాల్లో చూస్తుంది. జాలంలోని బిందువు తన చుట్టూ ఉన్న సగటు వికృతిని (సాగుడును) మాత్రమే చూస్తుంది. సరిహద్దుకు ఇటు ఉన్న పరమాణువు అటున్న పొరుగును లెక్కలోకి తీసుకుంటుంది గానీ, ఆ పొరుగు దీన్ని అదే విధంగా తీసుకోదు. ఆ అసమానత నుంచి లేని బలాలు పుట్టుకొస్తాయి. వీటిని ఈ రంగంలో దయ్యపు బలాలు అని పిలుస్తారు. వీటిని పట్టుకునే పరీక్ష చాలా సులువు: ఏ లోపమూ లేని, ఏ బలమూ పడని స్ఫటికాన్ని ఆ జోడింపులో ఉంచండి. అందులో ఒక్క పరమాణువు కూడా కదలకూడదు. కదిలిందంటే జోడింపు తప్పు. సరిదిద్దడానికి మార్గాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మూల్యం ఉంది. శక్తిని కాక బలాలను నేరుగా జోడిస్తే దయ్యపు బలాలు పోతాయి గానీ, మొత్తం వ్యవస్థకు నిర్దిష్టమైన శక్తి అంటూ ఉండదు. అప్పుడు అవరోధాల ఎత్తును కొలవడం ఇబ్బంది అవుతుంది. రెండు ప్రాంతాలనూ కొంత మేర ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా పరిస్తే దోషం పలుచబడుతుంది గానీ పూర్తిగా పోకపోవచ్చు.

వేడి చేరితే ఇంకో సమస్య. పరమాణు కంపనాల్లో పొట్టి తరంగాలుంటాయి. జాలం గడి కన్నా పొట్టిదైన తరంగం జాలంలోకి వెళ్లలేక సరిహద్దును కొట్టుకుని వెనక్కు వస్తుంది. బయటికి పోవలసిన వేడి లోపలే చిక్కి, చిన్న పరమాణు ప్రాంతం అకారణంగా కాగిపోతుంది. తొంభైల చివర అబ్రహామ్, బ్రాటన్, బెర్న్‌స్టైన్, కక్సిరాస్ సిలికాన్‌లో చీలిక పాకడాన్ని క్వాంటమ్, పరమాణు, ఫైనైట్ ఎలిమెంట్ మూడు స్థాయిలూ కలిపి ఒకే లెక్కలో చూపినప్పుడు, సరిహద్దుల దగ్గర తరంగాలు తిరగబడకుండా చూడటం వారి శ్రద్ధలో ముఖ్యభాగం. నన్నడిగితే, వరుస పద్ధతితో పని జరిగే చోట దాన్నే వాడాలి. చీలిక కొస లాగా, దూరపు బలమూ దగ్గరి బంధమూ క్షణక్షణం ఒకదాన్నొకటి మార్చుకుంటూ పోయే చోట మాత్రమే ఒకే లెక్కలో కలపడానికి పడే శ్రమకు న్యాయం జరుగుతుంది.

ప్రశ్న: అణు రియాక్టర్లలోని లోహం ఏళ్ల తరబడి వికిరణానికి గురైతే ఏమవుతుందో ముందుగా లెక్కించగలరా?

జవాబు: పాక్షికంగా. న్యూట్రాన్ ఒకటి ఒక పరమాణువును గట్టిగా కొడితే, అది పక్కవాటిని, అవి వాటి పక్కవాటిని తన్నుకుంటూ పోతాయి. కొన్ని పికోసెకన్లలో ఆ అల్లకల్లోలం అణగి, చోటు తప్పిన పరమాణువుల్లో చాలావరకు మళ్లీ జాలకంలో, అంటే స్ఫటికపు పేర్పులో, కుదురుకుంటాయి. కొన్ని ఖాళీలూ, కొన్ని ఇరుకు పరమాణువులూ మిగులుతాయి. ఇది మాలిక్యులర్ డైనమిక్స్‌కు తగిన పని. అక్కడి నుంచి కథ నెమ్మదిస్తుంది. ఇరుకు పరమాణువులను డిస్లొకేషన్లు కాస్త ఎక్కువగా లాక్కుంటాయి, దానివల్ల ఖాళీలు మిగులు పడి, ఒకచోట చేరి లోహం లోపల సూక్ష్మమైన రంధ్రాలుగా పెరుగుతాయి, లోహం ఉబ్బుతుంది. ఇలాంటి రంధ్రాలను డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్‌లో వాడిన స్టెయిన్‌లెస్ స్టీలులో కాథార్న్, ఫుల్టన్ 1967లో గుర్తించి ప్రకటించారు. తాకిడికి పికోసెకన్లు, ఉబ్బుకు ఏళ్లు. ముప్పై ఏళ్లంటే దాదాపు వంద కోట్ల సెకన్లు. ఫెమ్టోసెకను నుంచి అక్కడి వరకు, ఒకటి పక్కన 24 సున్నాలు పెట్టినంత దూరం. తాకిడి తర్వాత ఏమేం మిగిలిందో మాలిక్యులర్ డైనమిక్స్ చెబుతుంది, అవి ఎలా తిరుగుతాయో మాంటీ కార్లో చెబుతుంది, ఏళ్ల తరబడి పేరుకునే తీరును రేటు సమీకరణాలు చెబుతాయి. ఏ వైపు మొగ్గుతుందో, ఉష్ణోగ్రత మారితే ఏమవుతుందో చెప్పగలుగుతున్నారు. ఫలానా లోహం ఫలానా ఏట ఇంత శాతం ఉబ్బుతుందని ప్రయోగాల ఆసరా లేకుండా లెక్క ఒక్కదానితో చెప్పడం ప్రస్తుతం నమ్మదగినది కాదు.

ప్రశ్న: ఇన్ని అంతస్తుల లెక్కలో ఒకచోట తప్పు జరిగితే పైకి పోయేకొద్దీ అది పెరగదా? అనుకరణను ఎంతవరకు నమ్మాలి?

జవాబు: పెరుగుతుంది, ఎంత పెరుగుతుందో లెక్క వేసి చూపగలను. పైన రాగిలో ఖాళీ గెంతు అవరోధం 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకున్నాం. క్వాంటమ్ లెక్కలో 0.1 ఎలక్ట్రాన్ వోల్టు తేడా రావడం అరుదేమీ కాదు. అవరోధం ఘాతాంకంలో ఉంటుంది కాబట్టి, ఆ కాస్త తేడాకే 300 కెల్విన్‌ల దగ్గర గెంతుల రేటు దాదాపు 50 రెట్లు మారిపోతుంది. 1000 కెల్విన్‌ల దగ్గరైతే మూడు రెట్ల మార్పే. కనుక చల్లని ఉష్ణోగ్రతల దగ్గర కాలాన్ని అంచనా కట్టే లెక్కను చూసినప్పుడు, ఏ అవరోధం ఎంత ఖచ్చితంగా తెలుసు అని మొదట అడగాలి.

పొటెన్షియల్ ఎంపిక ఇంకా సూక్ష్మమైనది. పరమాణువుల జంటల మధ్య బలాన్ని మాత్రమే పరిగణించే సాదా పొటెన్షియల్‌లో, ఒక ఖాళీ ఏర్పడటానికి కావలసిన శక్తి దాదాపుగా ఒక పరమాణువును స్ఫటికానికి పట్టి ఉంచే శక్తికి సమానంగా వస్తుంది. రాగిలో రెండోది సుమారు 3.5, మొదటిది సుమారు 1.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే జంటల లెక్క మూలంలోనే తప్పింది. లోహంలో బంధం బలం చుట్టూ ఎందరున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఒక పొరుగు పోతే మిగిలినవారితో బంధం కొంత గట్టిపడుతుంది. దీన్ని లెక్కలోకి తెచ్చిన ఎంబెడెడ్ ఆటమ్ పద్ధతిని డా, బాస్కెస్ ఎనభైల తొలినాళ్లలో రూపొందించారు, లోహాల లోపాలను అనుకరించడం ఆ తర్వాతే నిలదొక్కుకుంది.

అయినా ఇనుము ఒక పాఠం చెప్పింది. దానిలోని స్క్రూ డిస్లొకేషన్ నడిబొడ్డు మూడు వైపులా చీలి ఉంటుందని పాత పొటెన్షియల్‌లు చాలాకాలం చూపించాయి. క్వాంటమ్ లెక్కలు చేయగలిగే నాటికి ఆ నడిబొడ్డు చీలకుండా ముద్దగా ఉన్నట్టు తేలింది. తర్వాత తయారైన పొటెన్షియల్‌లు ఆ ఆకారాన్ని సరిగ్గానే ఇచ్చాయి గానీ, వాటిలో కొన్ని, డిస్లొకేషన్ శక్తి తక్కువగా ఉండే ఒక లోయ నుంచి పక్క లోయకు వెళ్లే దారిలో రెండు శక్తి గుట్టలను చూపాయి. క్వాంటమ్ లెక్కలో ఉన్నది ఒకే గుట్ట. నిలబడిన చోటు సరిగ్గా ఉంది, నడిచే దారి తప్పింది. ఇనుము చలిలో పెళుసుబారడానికీ ఆ నడకకూ సంబంధం ఉంది కాబట్టి ఈ తేడాను చిన్నదిగా కొట్టిపారేయలేము.

చివరి సాక్ష్యం ప్రయోగానిదే. అల్యూమినియంను వేడి చేస్తూ, కడ్డీ పొడవు ఎంత పెరిగిందో, ఎక్స్-కిరణాలతో పరమాణువుల మధ్య దూరం ఎంత పెరిగిందో ఒకేసారి కొలిచి, రెండిటి తేడా నుంచి ఖాళీలను లెక్కపెట్టిన సిమన్స్, బలఫీల 1960 నాటి ప్రయోగం నాకు ఎప్పుడూ అపురూపంగా అనిపిస్తుంది. కరిగే ఉష్ణోగ్రత దగ్గర ప్రతి పది వేల స్థానాలకు సుమారు తొమ్మిది ఖాళీలని తేలింది. కంటికి కనిపించని లేమిని కొలబద్దతో కొలిచిన పని అది. ఖాళీల గురించి చెప్పే ఏ అనుకరణైనా ముందు అలాంటి అంకెల దగ్గర తల వంచి నిలబడాలి.

ప్రశ్న: మెషీన్ లెర్నింగ్ వచ్చాక ఈ సమస్యలన్నీ తీరిపోయాయని విన్నాను. నిజమేనా?

జవాబు: చాలా మారింది, తీరిపోలేదు. 2007లో బెహ్లర్, పరినెల్లో న్యూరల్ నెట్‌వర్క్‌తోనూ, 2010లో బార్టోక్, చానీ బృందం మరో గణిత పద్ధతితోనూ, క్వాంటమ్ లెక్కల నుంచి పొటెన్షియల్‌ను నేర్పించి చూపారు. సూత్రం ఇలా ఉండాలని మనం ముందే ఊహించనక్కరలేదు కాబట్టి ఖచ్చితత్వం బాగా పెరిగింది. అయితే నేర్పిన ఉదాహరణల్లో లేని అమరిక ఎదురైతే ఆ పొటెన్షియల్ ఏ హెచ్చరికా లేకుండా తప్పు జవాబు ఇవ్వగలదు. లోపం అంటేనే మామూలు అమరిక కానిది. కాబట్టి డిస్లొకేషన్ల గురించి లెక్కించబోయేవారు నేర్పే ఉదాహరణల్లో డిస్లొకేషన్ నడిబొడ్డులు ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. కాలం గోడ మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. ఫెమ్టోసెకను అడుగును ఏ పొటెన్షియలూ పొడిగించలేదు.

ప్రశ్న: నేను స్నాతకోత్తర విద్యార్థిని. అల్యూమినియంలో ఖాళీ ఏర్పడే శక్తిని ఎంబెడెడ్ ఆటమ్ పొటెన్షియల్‌తో లెక్కించాను. 32 పరమాణువుల పెట్టెలోంచి ఒకదాన్ని తీసేసి, ముందు శక్తికీ తర్వాతి శక్తికీ తేడా తీశాను. 4 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది. పుస్తకంలో 0.7 దరిదాపుల్లో ఉంది. నా పొటెన్షియల్ తప్పా?

జవాబు: పొటెన్షియల్ మీద అనుమానం వద్దు, మీ అంకెలోనే జవాబు దాగి ఉంది. మీరు తీసిన పరమాణువును ఎక్కడ పెట్టారు? తేడా తీసిన తీరును బట్టి చూస్తే దాన్ని స్ఫటికానికి అనంతమైన దూరంలో వదిలేశారు. అలా పెకలించడానికి అల్యూమినియంలో సుమారు 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మీ 4లోంచి దాన్ని తీసేయండి, పుస్తకంలోని అంకె దరిదాపుల్లోకి వచ్చేస్తారు. నిజమైన లోహంలో ఖాళీ ఏర్పడినప్పుడు ఆ పరమాణువు ఎక్కడికీ పారిపోదు, ఉపరితలం మీదో డిస్లొకేషన్ దగ్గరో మళ్లీ స్ఫటికంలోనే చేరుతుంది. కాబట్టి 31 పరమాణువుల శక్తిలోంచి 32 పరమాణువుల శక్తిని పూర్తిగా కాకుండా, దానిలో 32 వంతుల్లో 31 వంతులను మాత్రమే తీసేయాలి.

ఇక రెండు సంగతులు చూసుకోండి. పరమాణువును తీశాక మిగిలినవాటిని కదలనిచ్చారా? ఖాళీ చుట్టూ ఉన్నవి కొద్దిగా సర్దుకుంటాయి, ఆ సర్దుబాటు వల్ల శక్తి కొంత తగ్గుతుంది. రెండోది పెట్టె పరిమాణం. మీ పెట్టె నాలుగు దిక్కులా తననే తాను పునరావృతం చేసుకుంటుంది కాబట్టి, మీరు లెక్కిస్తున్నది ఒక్క ఖాళీని కాదు, క్రమం తప్పకుండా పరిచిన ఖాళీల బారును. 32 పరమాణువుల పెట్టెలో ఒక ఖాళీకి పక్క పెట్టెలోని ఖాళీ కేవలం రెండు జాలక గడుల దూరంలో ఉంటుంది, అవి ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటాయి. 108, 256, 500, 864 పరమాణువులతో అదే లెక్క మళ్లీ చేయండి. ఆ చివరిది రహ్మాన్ 1964లో వాడిన సంఖ్యే. ప్రక్కకు ఆరు గడులున్న ఈ రకం పెట్టెలో సరిగ్గా అన్నే పడతాయి. శక్తిని పెట్టె పరిమాణానికి ఎదురుగా గీసి, గీత ఎక్కడ చదునవుతుందో అక్కడి విలువను రాసుకోండి. చదును కాకపోతే ఇంకా పెద్ద పెట్టె తీసుకోండి. ఆ గీతను మీ నివేదికలో తప్పక చేర్చండి, పరీక్షకులు మొదట దానికోసమే వెతుకుతారు.